ఐర్లాండులో పూర్వీకుల ఊరు వెతుక్కునే అమెరికన్లకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

2020 జనగణనలో 3.86 కోట్లమంది అమెరికన్లు తమ మూలాలు ఐర్లాండులో ఉన్నాయని రాశారు. 2022 లెక్కల్లో ఐర్లాండు జనాభా 51 లక్షలు! నాలుగైదు తరాల్లో భాష పోయింది, ఊరి పేరు మరిచిపోయారు. చాలా ఇళ్లలో మిగిలింది ఇంటిపేరొక్కటే. దాన్ని పట్టుకుని వచ్చేవాళ్లు ఉత్తచేతులతో తిరిగెళ్లకూడదంటే, టికెట్ కొనకముందే టౌన్‌ల్యాండ్ పేరు పట్టుకోవాలి.

టౌన్‌ల్యాండ్ అంటే మన శివారు పల్లెలాంటిది. అలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి, కాబట్టి "కార్క్ కౌంటీ" అని జిల్లా పేరు తెలిస్తే సరిపోదు. టౌన్‌ల్యాండ్ పేరు ఎక్కువగా అమెరికాలోనే దొరుకుతుంది: చర్చి పెళ్లి రిజిస్టరు, సమాధిరాయి, పేపర్లో వేసిన మరణవార్త. తర్వాత ఐర్లాండు జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్లో సుమారు 1880 దాకా ఉన్న కాథలిక్ రిజిస్టర్లు ఉచితంగా చూడొచ్చు. చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ కోసం జాకోబస్ అని వెతకాలి. ఇంటిపేరు ముందు (ఓబ్రయన్‌లోలాగ) "ఓ" ఉన్నా లేకపోయినా రెండూ చూడాలి. ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలో, ముగ్గురు పాట్రిక్ మర్ఫీలు తగిలితే, తల్లి పుట్టింటిపేరు కలిసేదాకా మనవాడే అనుకోవద్దు.

1901కి ముందు జనగణనలు దాదాపు లేవు. కొన్ని 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ కోర్టు భవనాల మంటల్లో పోయాయి, కొన్నిటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. ఆ లోటు కొంత తీర్చేది గ్రిఫిత్ వాల్యుయేషన్, అంటే 19వ శతాబ్దం మధ్యలో పన్నుకోసం వేసిన ఆస్తుల లెక్క. కాకపోతే అందులో భూమి, ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరే ఉంటుంది, పిల్లల పేర్లుండవు.

డబ్లిన్‌లో దిగాక మొదట కిల్డేర్ స్ట్రీట్‌లోని ఆ గ్రంథాలయానికే వెళ్లండి. వంశవృక్షం గురించి సలహా ఉచితం. డబ్బిచ్చి పరిశోధకుణ్ణి పెట్టుకోవడం ఆ తర్వాతి మాట. ఎపిక్ మ్యూజియం వలస చరిత్ర తెలుసుకోవడానికి చాలా బాగుంటుంది, దాని ప్రదర్శనలో మీ కుటుంబం మాత్రం దొరకదు. ఇంటిపేరు చిహ్నం వేసిన పళ్లేలు కొనకండి. అలాంటి చిహ్నం వ్యక్తికిచ్చేది, ఆ ఇంటిపేరున్న అందరిదీ కాదు.

వలస ఓడలు బయల్దేరిన రేవు కోవ్, కార్క్ నగరం నుంచి రైల్లో అరగంటలోపే. 1892 జనవరి 1న, న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లను నమోదు చేసిన ఎల్లిస్ ఐలాండులో మొట్టమొదట నమోదైన అనీ మూర్ విగ్రహం, ఇద్దరు తమ్ముళ్లతో, అక్కడి ఒడ్డునే ఉంది. ఎల్లిస్ గుమాస్తా మా ఇంటిపేరు మార్చేశాడని చాలామంది నమ్ముతారు. గుమాస్తాలు ఓడ జాబితాలో ఉన్న పేర్లనే సరిచూసేవారు.

బస మాత్రం పట్నం హోటల్లో వద్దు. పారిష్‌కు దగ్గర్లో బి అండ్ బి (ఎవరింట్లోనో గది, పొద్దున టిఫిన్) తీసుకుని కనీసం మూడు రాత్రులుండండి. ఇంటామె ఒక్క ఫోన్ చేస్తే దారి తెలిసిన పెద్దాయన దొరుకుతాడు. ఆటోమేటిక్ కారు ముందే బుక్ చేసుకోవాలి. కొన్ని అమెరికన్ క్రెడిట్ కార్డులిచ్చే కారు బీమా ఐర్లాండులో చెల్లదు, అడిగి చూసుకోండి. పల్లె దారులు ఇరుకు, పైగా ఎడమవైపు నడపాలి.

అక్కడ "నేను ఐరిష్" అంటే చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటారు. "మా తాతగారి తాత ఈ ఊరివాడు" అంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. 1840ల బంగాళాదుంప కరువులో పోయిన పేదల సమాధులకు చాలావరకు రాళ్లే లేవు. రాయి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దకండి, సాయంత్రం ఏటవాలు ఎండలో అక్షరాలు వాటంతటవే తేలతాయి. రాయి లేకపోతే ఇంటి జాడ అడగండి. పైకప్పు లేని రెండు గోడలు, మసిబారిన పొయ్యి గూడు, మధ్యలో అరిగిన గడపరాయి చూపిస్తారు. ఆ పొలం వాళ్ల అనుమతి అడిగి, గేటు మళ్లీ వేసి రండి.