పదేళ్లుగా పాత స్ప్లెండర్: ఇంట్లో చేసుకున్న ట్యూనింగ్ అనుభవం

2015లో హనుమకొండలో 18 వేల రూపాయలకు కొన్న బండి ఇది. 2008 మోడల్ స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. ఏపీ 36 నంబరు ఇప్పటికీ అదే. 15 ఏళ్లు నిండాక 2023లో ఆర్‌సీ రెన్యువల్ చేయిస్తే మరో ఐదేళ్లు గడువు వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం కొత్త బండి కొన్నా కలిగేది కాదు.

మొదటి మూడేళ్లు మాత్రం చాలా ఇబ్బంది పడ్డాను. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యేది. పరకాల దాకా వెళ్లి, పది నిమిషాలు ఆపి మళ్లీ కిక్కు కొడితే పలికేది కాదు. వేడి మీద ఐడిలింగ్ నిలిచేది కాదు, యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ ఆగిపోయేది. షెడ్డుకు తీసుకెళ్లిన ప్రతిసారీ కార్బురేటర్ కడిగి, గాలి స్క్రూ తిప్పి పంపేవారు. వారం తిరగకముందే మళ్లీ అదే కథ.

అసలు తప్పు టాపెట్లలో, అంటే ఇంజిన్ వాల్వులను నొక్కి తెరిచే రాకర్ల చివర ఉండే సర్దుబాటు స్క్రూలలో ఉంది. చప్పుడు రాకూడదని వాటిని బాగా బిగించేశారు. ఇంజిన్ వేడెక్కితే వాల్వు సాగుతుంది. టాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ లేకపోతే అది పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ తప్పించుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యి, వేడి మీద మొరాయించడానికి కారణం అదే. టాపెట్ల నుంచి కొద్దిగా టకటక వినిపిస్తే భయపడనక్కర్లేదు, అసలు వినిపించకపోతేనే అనుమానించాలి.

నేను ఆదివారం పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద ఈ ఖాళీ సరిచేసే పని పెట్టుకుంటాను. ప్లగ్గు తీసేస్తే క్రాంకు తేలికగా తిరుగుతుంది. ఎడమవైపు మూతలు విప్పి, మాగ్నెట్ (క్రాంకుతో పాటు తిరిగే చక్రం) మీది ‘టీ’ గుర్తును ఇంజిన్ మీది గాటుకు ఎదురుగా తెస్తాను. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిలిస్తే కొంచెం ఆడాలి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ఉండాల్సిన ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. ఎంతో మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి. ఖాళీని కొలిచే పలుచటి ఫీలర్ గేజ్ రేకు అందులో పట్టీపట్టనట్టు జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతుంది కాబట్టి, బిగించాక మళ్లీ ఒకసారి రేకు పెట్టి చూడటం మరువవద్దు. మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది. ఇప్పుడు అరగంట చాలు.

రెండో పని ఎయిర్ ఫిల్టర్. భూపాలపల్లి వైపు వెళ్లే బొగ్గు లారీల వెనకాల నడిపే వారికి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. నా బండిలో ఉన్నది స్పాంజి రకం. కిరోసిన్‌లో పిసికి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండుతాను. ఎండాకాలంలో మొదటి కడుగుకే కిరోసిన్ నల్లటి బురదలా మారుతుంది. ఆ మట్టి సిలిండరులోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. కాగితం ఫిల్టర్ ఉన్నవారు మాత్రం దాన్ని కడగకూడదు, మార్చాల్సిందే.

ఆయిల్ రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి, బండి కాస్త వేడిగా ఉన్నప్పుడు దించుతాను. లీటరు డబ్బా కొంటే కొద్దిగా మిగులుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూస్తాను. క్లచ్ ప్లేట్లు ఈ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి, కారు ఆయిల్ పోస్తే జారే ప్రమాదం ఉంది. గొలుసు, కేబుళ్లు, బ్రేకు షూల సంగతి అందరికీ తెలిసిందే.

మైలేజ్ 50 నుంచి 60 దాటింది. ఖర్చు చూస్తే ఫీలర్ గేజ్, టాపెట్ పానా, ఒక ప్లగ్గు పానా, అంతే. క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైను మాత్రం ఇప్పటికీ షెడ్డులోనే చేయిస్తాను. పోయిన నెలలో టైమింగ్ చైను మార్పించాను. దగ్గరే నిలబడి, టాపెట్లు మాత్రం ముట్టుకోవద్దని చెప్పి, ఇంటికొచ్చి మర్నాడు పొద్దున నేనే పెట్టుకున్నాను.