జాగ్రత్త: మెటావర్స్ ప్లాట్లు, ‘గేమ్ ఆడి సంపాదన’ ప్యాకేజీలు కొనేముందు డబ్బు బయటికొచ్చే దారి చూసుకోండి

హైదరాబాద్‌లో ప్రీలాంచ్ పేరుతో జనం ఎలా మునిగారో అందరికీ తెలుసు. గజం రేటు, కార్నర్ బిట్, బైబ్యాక్, ‘ఫస్ట్ ఫేజ్ అయిపోవచ్చింది సార్’ అనే మాటలే ఇప్పుడు మెటావర్స్‌లో, అంటే కంప్యూటర్‌లో మాత్రమే ఉండే ప్రపంచంలో, నేలే లేని ప్లాట్లకు వాడుతున్నారు. హోటల్ హాల్లో కాసేపు వీఆర్ హెడ్‌సెట్ తొడిగి చూపిస్తారు, ప్లాటూ ట్రైనింగూ కలిపి ప్యాకేజీ అంటారు. అడ్వాన్స్ ఇవ్వబోయేవాళ్ళు ఒక్కసారి ఇది చదివి వెళ్ళండి.

డీసెంట్రాలాండ్ అనే మెటావర్స్‌లో ఒక పార్సెల్, అంటే ప్లాటు, 16 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మన లెక్కలో దాదాపు 306 గజాలు. అలాంటివి మొత్తం 90,601. అక్కడ జనమే లేరని 2022 అక్టోబర్‌లో గొడవ రేగినప్పుడు, ఆ సంస్థ తనంతట తాను చెప్పుకున్న లెక్కే రోజుకు సుమారు 8,000 మంది. రోడ్లూ ప్లాజాలూ తీసేసినా ప్లాటుకో మనిషి రాడు, షాపు అద్దెకెవరు తీసుకుంటారు? పైగా ఎక్కడి నుంచి ఎక్కడికైనా క్షణంలో దూకే వీలుంది, ఇక ‘మెయిన్ రోడ్ ఫేసింగ్’కి విలువేముంది? ఫేస్‌బుక్ పేరు మెటాగా మారిన ఊపులో 2021 నవంబర్‌లో డీసెంట్రాలాండ్ సొంత డిజిటల్ నాణెం మానా టోకెన్ 5 డాలర్లు దాటింది. ఆ తర్వాత అందులో పదో వంతుకన్నా కిందికి పడిపోయింది. బ్రోచర్‌లో గ్రాఫ్ 2021 దగ్గరే ఆగిపోయి ఉంటే కారణం అదే.

అదైనా నయం, ఆ ప్లాటు ఎథీరియం అనే బహిరంగ లెడ్జర్ (బ్లాక్‌చెయిన్) మీద, మీ పేరున కాకపోయినా మీ వాలెట్‌లో (డిజిటల్ ఖాతాలో) ఉంటుంది, ఆ లెడ్జర్‌ని చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ అంటగట్టేవాటిలో ‘మా సొంత మెటావర్స్’ బాపతు ఎక్కువ. అందులో మీ ప్లాటు వాళ్ళ సర్వర్‌లో ఒక వరుస, అంతే. బ్లాక్‌చెయిన్ మీద ఆ ప్లాట్ల రికార్డు ఎక్కడుందో చెప్పే కాంట్రాక్ట్ అడ్రస్ అడగండి. ‘యాప్‌లో కనిపిస్తుంది కదా సార్’ అన్నారంటే అక్కడితో లేచి రండి. బైబ్యాక్‌ని 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసిచ్చినా, తిరిగి కొనడానికి వాళ్ళ దగ్గర డబ్బుండాలి కదా.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ వాలెట్ దగ్గర తగులుతుంది. ‘మీరు టెన్షన్ పడకండి, మేమే ఓపెన్ చేసిస్తాం’ అని వాళ్ళ ట్యాబ్‌లో వాలెట్ తెరుస్తారు. స్క్రీన్ మీద 12 ఇంగ్లిష్ పదాలు వస్తాయి, ఫొటో తీసుకుని మీకూ వాట్సాప్ చేస్తారు. ఆ 12 పదాలు ఎవరి దగ్గరుంటే వాలెట్ వాళ్ళదే. పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు. అలా తెరిచిన వాలెట్ ఉంటే మీ ఫోన్‌లో కొత్తది తెరిచి, ఉన్నదంతా దానిలోకి పంపండి. కొత్త పదాలు కాగితం మీదే రాసుకోండి.

ఇక ఆడి సంపాదించడం. యాక్సీ ఇన్ఫినిటీ అనే గేమ్‌లో 2021లో మూడు యాక్సీలు (అందులో పోరాడే డిజిటల్ జీవులు) కొంటేనే ఆట మొదలయ్యేది. గెలిస్తే వచ్చే ఎస్ఎల్‌పీ టోకెన్‌కి పరిమితి ఉండేది కాదు, అది ఖర్చయ్యేది ప్రధానంగా కొత్త యాక్సీలను పుట్టించడానికే. కొత్తవాళ్ళ రాక తగ్గగానే టోకెన్లు గుట్టపడ్డాయి, 2021లో 30 సెంట్లు దాటిన ధర మరుసటి ఏడు సెంటు కిందికి జారింది. పేరు మార్చి ఇదే నమూనా అమ్ముతున్నారు, అడగాల్సింది ఒకటే: నాకొచ్చే డబ్బు ఎవరి జేబులోంచి?

జనమే గేమ్‌లు తయారుచేసి పెట్టే రోబ్లాక్స్‌లో సంపాదన నిజమే, కానీ లెక్క చూడండి. మీ గేమ్‌లో అదనపు సౌకర్యాలిచ్చే గేమ్ పాస్‌ని 100 రోబక్స్‌కి (అక్కడి నాణేలు) అమ్మితే చేతికొచ్చేది 70. డబ్బుగా మార్చాలంటే కనీసం 30,000 సంపాదించి ఉండాలి, అంటే 429 పాసులు అమ్ముడుపోవాలి. ఒక్కో రోబక్స్‌కి 0.0038 డాలర్ చొప్పున అన్నిటికీ వచ్చేది 114 డాలర్లు. కొన్న రోబక్స్ మార్పిడికి పనికిరావు, కాబట్టి స్క్రీన్‌షాట్‌లో బ్యాలెన్స్ చూపించి ‘మా స్టూడెంట్ సంపాదన’ అంటే నమ్మాల్సిన పనిలేదు.

2006లో బిజినెస్‌వీక్ కవర్ మీదికెక్కిన యాన్షీ చంగ్ పేరు ఇలాంటి చోట వినిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో ఆవిడ చేసింది అచ్చంగా రియల్టర్ పని, భూమి ముక్కలు చేసి అమ్మడం, అద్దెకివ్వడం. అక్కడ సొంత రీజియన్ (పెద్ద భూభాగం) ఉంటే, దాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ సంస్థకి నెలనెలా అమెరికా డాలర్లలో ఫీజు కట్టాలి, అద్దెకున్నవాళ్ళు ఉన్నా లేకపోయినా. అద్దె వచ్చేది మాత్రం అక్కడి కరెన్సీ లిండెన్ డాలర్లలో, 250 అటూఇటూ అయితే ఒక అమెరికా డాలర్.

టోకెన్ అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్, ఇది 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఒక టోకెన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వచ్చినా 31,200 కట్టాల్సిందే. కొన్న ధర తప్ప గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్ మీద లావాదేవీకి కట్టే రుసుము) లాంటివేవీ తీసేయనివ్వరు. అయితే ఈ పన్ను ప్రభుత్వానికి మీరు కట్టేది. ‘విత్‌డ్రా కావాలంటే ముందు ట్యాక్స్ మాకు పంపండి’ అన్నారంటే అది మోసమే, ఇంకొక్క రూపాయి పంపకండి. మొదట్లో రెండు మూడు వేలు సాఫీగా ఇచ్చారని ధీమా వద్దు, పెద్ద మొత్తం వేయించడానికే అవి ఇస్తారు.

డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోయి, ఫ్రీజ్ చేయడానికేమీ మిగలదు. యూటీఆర్ నంబర్ (బ్యాంకు లావాదేవీ నంబర్), డబ్బు వెళ్ళిన యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. టెలిగ్రామ్ గ్రూప్‌లో నిలదీయకముందే చాట్ మొత్తం సేవ్ చేసుకోండి. అడ్మిన్ గ్రూప్ డిలీట్ చేశాడంటే మీ ఫోన్‌లోనూ ఏమీ మిగలదు.