ఓ మాదిరా, మీడియమా?
నెల్లూరు చేపల మార్కెట్లో "ఓ మాదిరి చేప ఇయ్యన్నా" అంటే చాలు, పులుసుకు సరిపడేది తూకంలో పడుతుంది. ఇంట్లో ఎంతమందో, దబర ఎంతదో కూడా ఆ మాటలోనే ఉంటుంది. పైగా అది సైజు దగ్గర ఆగదు: ఓ మాదిరి వాన, ఓ మాదిరి కారం. పరీక్ష "ఓ మాదిరిగా రాశా" అంటే మాత్రం కాస్త దిగులు వినిపిస్తుంది.

"మీడియం" చొక్కాకి బాగుంటుంది. అక్కడ కొలత ముందే ఖాయం.

రొయ్యలకి రెండూ చాలవు. కిలోకి 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది.

మా పిల్లలు చేపనీ మీడియమే అంటున్నారు. నాకు మనసొప్పదు, "ఓ మాదిరి" అనే అడుగుతా.