తివోలి ఫౌంటెన్లు బ్రహ్మాండం, టూర్ ప్యాకేజీ దండగ

రోమ్ పక్కన తివోలిలో విల్లా డెస్తే అనే ఫౌంటెన్ల తోట చూడాలనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, ప్యాకేజీ టూర్‌లో వెళ్ళకండి. మాకు మనిషికి 65 యూరోలు, మా ఇద్దరికీ అత్తమ్మకీ మామయ్యగారికీ కలిపి 260 అయింది. పొద్దున రోమన్ చక్రవర్తి హాడ్రియన్ విల్లా చూపించారు, శిథిలాలు బానే ఉన్నాయి, ఎండ మాత్రం మాడ్చేసింది. ఆ తర్వాత లంచ్ అని వాళ్ళకి తెలిసిన హోటల్‌కి తోలుకెళ్ళి గంటన్నర కూర్చోబెట్టారు. ప్లేటు పాస్తా 14 యూరోలు, అడక్కుండా తెచ్చి పెట్టిన బ్రెడ్డుకి తలా 3, నీళ్ళ బాటిల్ 4, రెండు బాటిళ్ళు తాగాం. మొత్తం 76 యూరోలు! అత్తమ్మ ఆ పాస్తా రెండు ముద్దలు తిని, బ్యాగులోంచి కారప్పూస తీసుకుని మళ్ళీ మాట్లాడలేదు.

అసలు గార్డెన్‌కి వచ్చేసరికి మూడుంబావు. గైడ్ ఏమో నాలుగుంబావుకి బస్సు దగ్గర ఉండాలంది. అక్కడ నీళ్ళతో మోగే ఆర్గాన్ (గాలి గొట్టాల వాయిద్యం) ఫౌంటెన్ ఉంది, పొద్దున పదిన్నర నుంచి రెండేసి గంటలకోసారి మోగుతుంది, అంటే మాకు దక్కాల్సింది నాలుగున్నరది. సరిగ్గా పావుగంట ముందు లేపి తీసుకుపోతారట, అడిగితే ప్రోగ్రాంలో లేదంది.

మామయ్యగారు ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యారు. దిగిన దగ్గర్నుంచీ మోటార్ రూమ్ ఎక్కడా అని వెతుకుతున్నారు. వంద ఫౌంటెన్ల వరస చూసి ఆయన ఇంక కదల్లేదు, పాచి పట్టిన రాతి ముఖాల నోళ్ళలోంచి బారుగా నీళ్ళు, పైన ఈ తోట కట్టించిన ఎస్తే వంశం గద్ద బొమ్మలు. కట్టినప్పుడు మోటార్లు ఎక్కడివి? 1550లో తివోలికి గవర్నర్‌గా వచ్చిన కార్డినల్ (పోప్ కింది పెద్ద మతాధికారి) ఇప్పోలితో డెస్తే, ఆర్కిటెక్ట్ పిర్రో లిగోరియో చేత డిజైన్ చేయించి, అనియెనె నది నీళ్ళని ఊరి కిందుగా సొరంగం తవ్వి తోట పైభాగానికి చేర్చాడు, అక్కడి నుంచి కొండ వాలే పని చేస్తుంది. "పైన హెడ్, అంటే నీళ్ళకి ఎత్తు, ఉంది, కింద జెట్ వస్తుంది, ఇంక కరెంటెందుకమ్మా" అని మామయ్యగారు ప్రతి ఫౌంటెన్ దగ్గరా నాకు క్లాసే. పోప్ అవ్వాలని ఎన్నిసార్లు చూసినా అవ్వలేకపోయిన ఆ కార్డినల్ ఆ కసంతా తోట మీద తీర్చుకున్నాడేమో అనిపించింది.

నాలుగుంబావు అయింది, గైడ్ జెండా ఊపింది, మామయ్యగారు "మీరెళ్ళండి" అనేసి ఆర్గాన్ ముందు నిలబడ్డారు. మా ఆయన మొహం మాడ్చుకున్నారు, కట్టిన డబ్బులు పోతాయని. బస్సు పోయింది, నాకైతే పీడా పోయింది అనిపించింది. నాలుగున్నరకి చిన్న తలుపులు తెరుచుకుని పాట మొదలైంది, నాలుగైదు నిమిషాలే, కానీ నీళ్ళు పడే ఒత్తిడికి గాలి గొట్టాల్లోకి ఎక్కి మోగుతుంది. శతాబ్దాలు మూగగా ఉండిపోయిన దాన్ని 2003లో మళ్ళీ పలికించారట. అత్తమ్మ కూడా ఫోన్ తీసి వీడియో పట్టారు, లంచ్ తర్వాత ఆవిడ నవ్వడం అప్పుడే.

తిరుగు ప్రయాణం తివోలిలో పియాజ్జా గరిబాల్డి అనే సెంటర్ దగ్గర కోత్రాల్ కంపెనీ బస్సులో, టికెట్ మనిషికి మూడు యూరోలు కూడా కాలేదు, పొగాకు షాపులో ముందే కొనుక్కోవాలి. రోమ్‌లో పోంతే మామ్మొలో స్టేషన్ దగ్గర దిగితే మెట్రో బీ లైను. వచ్చేటప్పుడు కూడా ఇలాగే హాయిగా రావచ్చు, గార్డెన్ టికెట్ 15 యూరోలే. ఎంట్రన్స్ పైన, తోటంతా కింద, చూసొచ్చాక మెట్లన్నీ ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కిందికంటా దింపకండి, వంద ఫౌంటెన్ల వరసలోనే కూర్చోబెట్టండి. సోమవారం పొద్దున మూసేసి ఉంటుంది, మధ్యాహ్నం రెండు తర్వాతే తీస్తారు. తినడానికి ఏదైనా ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.