నికెల్ పరీక్షకు డీఎంజీ: పొడి కొనాలా, తయారు ద్రావణమా?

నికెల్‌ను గుర్తించే రసాయనం డైమిథైల్ గ్లైయాక్సిమ్ (డీఎంజీ) మూడు రకాలుగా దొరుకుతుంది: తెల్లటి పొడి, ఇథనాల్‌లో కలిపిన 1 శాతం ద్రావణం, డీఎంజీ సోడియం లవణం. లవణంలో ఏముందో కనిపెట్టే మామూలు లవణ విశ్లేషణకైతే పొడికే నా ఓటు. 1905లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త చుగాయెవ్ నికెల్ పరీక్షకు డీఎంజీ పనికొస్తుందని చూపించాడు. ఆ ఒక్క పనికి ఇంతకన్నా నమ్మకమైనది ఇంకోటి అక్కర్లేదు.

పొడి నీళ్లలో దాదాపు కరగదు. 1 గ్రాము పొడిని 95 శాతం ఇథనాల్ 100 మి.లీ.లో వేసి, సీసాను వేడినీళ్లలో ఉంచి కలిపితే సరి. మంట దగ్గరికి మాత్రం తేవద్దు. తయారు ద్రావణంతో చిక్కేమిటంటే, మూత కాస్త వదులైనా ఆల్కహాల్ ఎగిరిపోయి డ్రాపర్ మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది. ఆపైన సీసా మీది 1 శాతాన్ని నమ్మలేం.

పరీక్షకు 5 చుక్కల నమూనా చాలు. ఎర్ర లిట్మస్ నీలంగా మారేదాకా అమ్మోనియా పోసి, 2 చుక్కల డీఎంజీ వేయాలి. నికెల్ ఉంటే గులాబీ ఎరుపు అవక్షేపం ముద్దగా పొంగుతుంది, టెస్ట్ ట్యూబ్ గోడల వెంట పైకి పాకుతుంది కూడా. ఎరుపు రాకపోతే రియేజెంట్‌ను తిట్టే ముందు లిట్మస్ చూడండి. నికెల్ సల్ఫైడ్‌ను ఆక్వా రీజియాలో (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగించాక పూర్తిగా ఇగర్చకపోతే మిగిలిన ఆమ్లం ఈ అవక్షేపాన్ని ఏర్పడనివ్వదు.

ఇనుము ఇంకో తలనొప్పి. ఇనుముకు ఫెర్రస్, ఫెర్రిక్ అని రెండు అయాన్ రూపాలు. ఫెర్రస్ కూడా ఎరుపే ఇస్తుంది, కానీ అది ద్రావణంలోనే ఉంటుంది, అడుక్కి దిగదు. ఫెర్రిక్ అయితే అమ్మోనియా పోయగానే గోధుమ రంగు హైడ్రాక్సైడ్‌గా దిగి అన్నిటినీ కప్పేస్తుంది. అందుకే ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడానికి ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి మరిగించి, ఆ ఫెర్రిక్ అడుక్కి దిగకుండా టార్టారిక్ ఆమ్లం కలిపి, ఆ తర్వాతే అమ్మోనియా పోయాలి.

సోడియం లవణం దండగేనా? కోబాల్ట్ ఎక్కువున్నచోట కాదు. కోబాల్ట్ గోధుమ రంగు సంక్లిష్ట సమ్మేళనంగా మారుతూ డీఎంజీని తినేస్తుంది, నికెల్‌కు మిగలదు. సరే, ఇంకో పది చుక్కలు పోద్దామంటే దాంతోపాటు వచ్చే ఆల్కహాల్ ఎర్రటి అవక్షేపాన్నే కొంత కరిగిస్తుంది. నీళ్లలో కరిగే సోడియం లవణానికి ఆ బెడద లేదు. అలాంటి నమూనాలు తరచూ వచ్చేవాళ్లు చిన్న సీసా ఒకటి పక్కన పెట్టుకోవచ్చు.