కందిలో ఏది మేలు: నాలుగు నెలల రకమా, ఆరు నెలల రకమా?

మృగశిర దగ్గర పడుతోందంటే కంది వేసేవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, నాలుగు నెలల్లో వచ్చేది వేద్దామా, ఆరు నెలలదా?" సంచి మీద అచ్చేసిన రోజులు చూసి తేల్చేద్దామని వాళ్ల ఆలోచన. నేనైతే రోజుల కంటే ముందు చెట్టు ఎలా పూస్తుందో చూస్తాను.

కందిని ఏడాది పంటగా వేస్తున్నాం గానీ స్వభావానికి అది బహువార్షికం. నరక్కుండా వదిలేస్తే మూడు నాలుగేళ్లు పొదలా నిలుస్తుంది. గట్ల మీద, పెరట్లో ఉన్న కందిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మొదటి కాపుకే కోసేస్తాం కాబట్టి ఆ కాపు వచ్చే రోజులను బట్టి గుంపులు చేశారు. సుమారు 120-135 రోజులవి స్వల్పకాలికం, 150-180 రోజులవి మధ్యకాలికం. 200 రోజులు దాటే దీర్ఘకాలికాలు ఉత్తరాది సరుకు, మనకు వాటితో పనిలేదు.

అసలు తేడా కొమ్మ కొసలో ఉంది. కొన్ని రకాల్లో కొస మొగ్గే పూగుత్తిగా మారి, ఆ కొమ్మ పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. పూతంతా చెట్టు నెత్తిన గుత్తులుగా, ఇంచుమించు ఒకేసారి వస్తుంది. 1986లో విడుదలైన స్వల్పకాలిక రకం ప్రగతి (ఐసీపీఎల్ 87) ఈ తరహాది. మిగతావాటిలో కొస పెరుగుతూనే ఉంటుంది, పూత కొమ్మ మొదలు నుంచి పైకి అంచెలంచెలుగా సాగుతుంది. మధ్యకాలిక రకం ఆశ (ఐసీపీఎల్ 87119) ఇలాంటిది. స్వల్పకాలికమంటే గుత్తిపూతేనని అనుకోవద్దు, వాటిలోనూ కొస పెరిగేవి ఉన్నాయి.

గుత్తిపూత రకం కోతకు సుఖం. కాయలన్నీ ఒకే ఎత్తున, ఒకేసారి ఎండుతాయి. కానీ పూత మీదున్నప్పుడు వారం రోజులు ముసురు పట్టిందా, ఆ సీజన్ టెన్షనే. మారుకా మచ్చల పురుగు పూలనూ ఆకులనూ కలిపి గూడు కట్టి లోపల తింటుంది. దానికి ఒత్తైన గుత్తి కంటే అనువైన చోటు లేదు, మందు కొట్టినా లోపలికి సరిగా చేరదు. నీరుంటే మళ్లీ పూస్తుంది, నిజమే. వర్షాధారంలో ఆ రెండో పూత మీద నమ్మకం పెట్టుకోలేం.

కొస ఆగని రకంలో తొలి పూత రాలినా, శనగపచ్చ పురుగు కొంత తిన్నా, పై కణుపుల్లో మళ్లీ పూత వస్తుంది. మన వానల తీరుకు ఈ రెండో అవకాశమే నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. దీనికీ చికాకులు లేకపోలేదు. కింది కాయ ఎండేసరికి పైది పచ్చిగానే ఉంటుంది, ఆలస్యంగా కాసే చేలకు కాయ ఈగ బెడద ఎక్కువ.

ఇంకోటి, మధ్యకాలిక కంది మొదటి రెండు నెలలు నింపాదిగా పెరుగుతుంది. అందుకే మధ్య సాళ్లలో జొన్నో, సోయానో, మొక్కజొన్నో వేసి కందికంటే ముందే కోసేసుకోవచ్చు. ఆ తర్వాత ఖాళీ అయిన జాగాలోకి కంది కొమ్మలు చాస్తుంది.

అలాగని తేలికపాటి ఎర్ర నేలలో మధ్యకాలికం వేయమని చెప్పను. వానలు వెళ్లిపోయాక ఆ నేలలో తేమ నిలవదు, సరిగ్గా పూత, కాయ దశలో బెట్టకు దొరికిపోతుంది. అక్కడ పాలెం పరిశోధనా స్థానం ఇచ్చిన ఉజ్వల (పీఆర్‌జీ 176) లాంటి 130 రోజుల రకమే సరైనది. తేమ పట్టి ఉంచే నల్లరేగడిలో మాత్రం తొందరపడి తక్కువ రోజులది ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు. మా రేగడి చేలో ఈసారీ ఆశనే, జొన్నతో కలిపి.

ఎండు తెగులు, వెర్రి తెగులు (చెట్టు పూత లేక గొడ్డుపోయేది) ఉన్న పొలమైతే ఈ చర్చంతా తర్వాత, ముందు తట్టుకునే రకం చూసుకోండి. ఆశ రెండిటినీ తట్టుకుంటుంది. హైబ్రిడ్ల సంగతంటారా, విత్తనం ఏటా కొనాలి, ఖర్చు లెక్క మీదే.

రబీలో వేసేవాళ్లు సంచి మీది రోజులు అసలే పట్టించుకోవద్దు. పగలు తగ్గేకొద్దీ కంది పూతకు తొందరపడుతుంది. అదే 180 రోజుల రకాన్ని సెప్టెంబరు చివర్లో విత్తితే చాలా ముందే కోతకొస్తుంది, చెట్టూ పొట్టిగా ఉండిపోతుంది. కాబట్టి సాళ్లు దగ్గర చేసి, విత్తనం మోతాదు పెంచాలి.