లేసు సూదా, కీబోర్డా, కీర్తనా: పిల్లలకి ముందు ఏది మేలు?

హోంవర్క్ అయిపోయాక, కుటుంబ ప్రార్థనకి కూర్చునేలోపు మా ఇంట్లో ఒక ముప్పావుగంట మిగులుతుంది. ఫోన్ పిల్లల చేతికి వెళ్లేది సరిగ్గా అప్పుడే. దాన్ని ఆపాలని రెండేళ్లుగా మా పాపకి (ఇప్పుడు తొమ్మిదేళ్లు), బాబుకి (ఏడు) మూడు అలవాట్లు చేసి చూశాం. లేసు అల్లిక, కీబోర్డు, నోటితో క్రైస్తవ కీర్తనలు. మా చర్చి సంఘంలో తల్లులు ఏది మంచిదని అడుగుతూనే ఉన్నారు, అందుకే మాకు తెలిసింది రాస్తున్నాను.

లేసు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మాది నరసాపురం వైపు. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన ఈ అల్లిక గోదావరి పల్లెల్లో ఇంటింటి పనైపోయింది, విదేశాలకీ వెళ్లింది. మా అమ్మమ్మ కూడా అల్లేది. ముక్కకింత అని కూలి, మధ్యలో ఏజెంటు, సాయంత్రం వెలుగు తగ్గాక కూడా అరుగు మీద వంగి అల్లడం, చివరికి మెడనొప్పి, కళ్లమంట. అందుకే పాప చేతికి సూది ఇచ్చినప్పుడే ఇంట్లో ఒక మాట అనుకున్నాం: ఇన్ని ముక్కలు పూర్తిచేయాలని లెక్క పెట్టం, అమ్మకానికి అల్లించం, అరగంట దాటనివ్వం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లేసుకి వాడే సన్న స్టీలు సూది, సన్న దారం చిన్నపిల్లలకి ఇవ్వకండి. లావు ఊలు, 4 మిల్లీమీటర్ల క్రోషే సూది అయితే వేళ్లకి పట్టు దొరుకుతుంది. అల్లికలో మొదటి మెట్టైన ఉత్త గొలుసు కుట్టుకే మా పాపకి వారం పట్టింది. కానీ ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, తప్పు పడితే దారం పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది, దారం మాత్రం ఎక్కడికీ పోదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. లెక్కల్లో ఒక్క తప్పుకే ఏడ్చే పిల్ల, ఇక్కడ నాలుగు వరసలు ఊడదీసి కూడా మామూలుగా కూర్చుంది.

అబ్బాయికి అల్లికలేంటి అని మా చుట్టాలు అన్నారు. బైబిల్లో నిర్గమకాండము 35వ అధ్యాయం చూపించాను. దేవుని గుడారం పని చేసిన బెసలేలుకీ అహోలీయాబుకీ దేవుడిచ్చిన నేర్పులో బుటాపని, నేతపని కూడా ఉన్నాయి, వాళ్లిద్దరూ మగవాళ్లే. ఇప్పుడు మా బాబు బైబిల్లో పెట్టుకోవడానికి గుర్తుపట్టీ అల్లుతున్నాడు.

ఇక కీబోర్డు. మాకు ఎక్కువ ఖర్చయిందీ, తక్కువ ప్రశాంతత ఇచ్చిందీ ఇదే. చెడ్డదని అనడం లేదు, చర్చిలో వాయించేవాళ్లు కావాలి, సౌలు రాజు కోసం దావీదు సితారా వాయించిన సంగతి మనకి తెలిసిందే కదా. కానీ ఏడేళ్ల పిల్లవాడి వేలు ముందు రిథమ్ బటన్ మీదకే వెళ్తుంది, డప్పులు దానంతట అవే మోగుతుంటే తాళం తను వేయాల్సిన అవసరమే ఉండదు. అపార్ట్‌మెంటులో పక్కింటివాళ్ల కోసం హెడ్‌ఫోన్ పెడితే ఒకే గదిలో ఉండి కూడా పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటాడు. క్లాసులో చేర్పించిన కొన్ని నెలలకే స్టేజి ప్రోగ్రామ్ అని ఒకే పాట రోజూ వాయించమన్నారు, వాడు క్లాసు అంటేనే టెన్షన్ పడటం మొదలుపెట్టాడు. మాన్పించేశాం.

కీర్తనలకి పైసా ఖర్చు లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మనలో చాలా ఇళ్లలో ఉన్నదే. చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, చాలామందిమి అవి చూడకుండానే పాడేస్తాం. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటి వాళ్లు మన రాగాల్లో, మన తాళాల్లోనే రాశారు. అందుకే అవి గొంతుతో నేర్చుకోవాల్సినవి అంటాను, స్వరం మీంచి స్వరానికి జారే గమకం కీబోర్డు మెట్ల మీద రాదు. మా మామయ్యగారు తొడ మీద ఆదితాళం వేస్తూ ఒక్కో లైను పాడతారు, పిల్లలు వెనకే అందుకుంటారు. కరెంటు పోయినా ఆగదు. ఇబ్బందల్లా పాత మాటలే, పిల్లలకి సగం అర్థం కావు. వారానికి ఒక్క చరణమే తీసుకుని అర్థం చెబుతున్నాం. అర్థమయ్యాక వాళ్లు పాడే తీరే వేరుగా ఉంటోంది.

పిల్లలకి ఏ సంగీతం మంచిదని అడిగితే నా కొలత ఒకటే. స్పీకర్ ఆపేశాక కూడా ఆ పాట పిల్లల నోట్లో మిగలాలి, వాళ్లు పాడేది ఏమిటో వాళ్లకి తెలియాలి. కొత్త పాటల్లో అలాంటివి ఉన్నాయి, పాత వాటిలో అలా లేనివీ ఉన్నాయి.

కాబట్టి ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకైతే నేను సూదీ కీర్తనా రెండూ కలిపి ఇవ్వమంటాను. అల్లేటప్పుడు చేతులకి పని ఉంటుంది కానీ చెవులు, నోరు ఖాళీయే. మా పాప ఇప్పుడు పాట నడకలోనే కుట్లు లెక్కపెడుతోంది, ఇది మేం నేర్పింది కాదు. కీబోర్డు పదేళ్లు దాటాక, తాళం చేతిలో నిలబడ్డాక కొనండి. అంతకుముందే ఒక పిల్ల తనంతట తాను కీబోర్డు దగ్గరికి వెళ్లి విన్న పాట వెతుక్కుంటుంటే మాత్రం ఈ వయసు లెక్క పక్కన పెట్టేయండి, ఆ పిల్లని ఆపొద్దు.

ఈ వారమే మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. ఊలు లేత రంగుది కొనండి, నల్లదీ ముదురు నీలందీ అయితే రాత్రి లైటు కింద కుట్టు ఎక్కడుందో పెద్దవాళ్లకే కనబడదు.